కోబాల్‌కి ఎన్నిసార్లు పాడె కడతారు?

క్యాంపస్ సెలక్షన్‌లో ఉద్యోగం వస్తుంది, శిక్షణ ముగుస్తుంది, తీరా ప్రాజెక్టు కేటాయించే రోజున మెయిన్‌ఫ్రేమ్ అని తేలితే చాలామంది కుర్రకారు మొహం వాడిపోతుంది. రూమ్మేట్లు జాలిపడతారు. ఎలాగోలా మేనేజరును బతిమాలుకుని జావాలోకో, క్లౌడ్‌లోకో మారిపొమ్మని సీనియర్లు చెవిలో చెబుతారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఎక్కడైనా ఇదే వరస. మెయిన్‌ఫ్రేమ్ అంటే కోబాల్, అది చచ్చిన భాష, దాని మీద పడితే కెరీర్ అయిపోయినట్టే అన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది.

ఈ నమ్మకం కుర్రాళ్ల దగ్గరే ఆగితే పెద్ద నష్టం ఉండేది కాదు. బ్యాంకుల బోర్డు గదుల్లోనూ, ప్రభుత్వాల్లోనూ, కన్సల్టెన్సీల నివేదికల్లోనూ ఇదే పాట. ‘అరవై ఏళ్ల నాటి భాష’ అన్న ఒక్క ముక్కతో తీర్పు వెలువడిపోతుంది. ఎక్కడ ఏ వ్యవస్థ మొరాయించినా ముందు కోబాల్‌నే బోనెక్కిస్తారు. ఈమధ్య దీనికి ఇంకో మాట తోడైంది: కృత్రిమ మేధ వచ్చేసింది, ఉన్న కోబాల్ మొత్తాన్ని కొన్ని నెలల్లో జావాలోకి తిప్పేయొచ్చు అని. ఈ వాదన తప్పు. దీన్ని నమ్మి నిర్ణయాలు తీసుకుంటే దెబ్బతినేవి జనం జీతాలు, పింఛన్లు, బ్యాంకు నిల్వలు కాబట్టి గట్టిగానే ఖండించాలి.

నిజానికి కోబాల్ చావు కబురు అది సరిగా పుట్టకముందే వచ్చింది. 1959 మే 28, 29 తేదీల్లో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో ఒక సమావేశం పెట్టింది. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో భాష ఉంటే, యంత్రం మార్చినప్పుడల్లా ప్రోగ్రాములన్నీ మళ్లీ రాసుకోవాలి. ఆ బాధ తీరాలంటే వ్యాపార లెక్కలకు అందరికీ ఒకే భాష కావాలన్నది ఉద్దేశం. గ్రేస్ హాపర్ అంతకుముందే చేసిన ఫ్లో-మాటిక్ అనే భాష దీనికి పునాది. జీన్ సామెట్ వంటి వాళ్లు కమిటీలో కూర్చుని రూపురేఖలు దిద్దారు. పని నత్తనడక నడుస్తోందని విసుగెత్తి, ఆర్‌సీఏ కంపెనీ తరఫున పనిచేస్తున్న హోవార్డ్ బ్రోంబెర్గ్ ఒక సమాధి రాయి కొని, దాని మీద కోబాల్ అని చెక్కించి, పెంటగాన్‌లో ఈ వ్యవహారం చూస్తున్న చార్లెస్ ఫిలిప్స్‌కి పంపించాడు. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ఇక భాష సంగతి. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము ఆర్‌సీఏ 501 మీదా, యూనివాక్ 2 మీదా నడిచింది. రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద ఒకే ప్రోగ్రాము నడవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ తర్వాత 1975లో డైక్‌స్ట్రా లాంటి మహా పండితుడు కోబాల్ బోధించడాన్నే నేరంగా పరిగణించాలన్నంత కటువుగా రాశాడు. 2000 సంవత్సరం దగ్గరపడినప్పుడు మళ్లీ ఇదే మాట. డాట్‌కామ్ రోజుల్లో మళ్లీ. ఇంతకీ ఆ భాష ప్రమాణం 1985లో, 2002లో, 2014లో, చివరిసారి 2023లో సవరణ పొందింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15లో, అంటే ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే కంపైలర్ల కట్టలో, మొదటిసారిగా కోబాల్‌కీ చోటిచ్చారు. అదే నెలలో ఐబీఎం జెడ్17 మెయిన్‌ఫ్రేమ్‌ని ప్రకటించింది. చచ్చినవాటి కోసం ఎవరూ కొత్త కంపైలర్లు రాయరు.

ప్రపంచంలో ఇంకా ఎంత కోబాల్ నడుస్తోందో చెప్పే అంకెలు చాలానే తిరుగుతున్నాయి. 22 వేల కోట్ల లైన్లని ఒక అంచనా, 80 వేల కోట్ల లైన్లని ఇంకో అంచనా. ఒకదానికీ ఇంకోదానికీ ఇంత తేడా ఉంటే వాటి మీద వాదన కట్టకూడదు. కోబాల్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు కూడా ఆ అంకెలు వల్లించడం మానేస్తే మంచిది. అది చేసే పని చూపిస్తే చాలు.

ఏ బ్యాంకు ప్రోగ్రాములోనైనా డేటా డివిజన్ తెరిస్తే ఇలాంటి లైను కనిపిస్తుంది: పిక్ ఎస్9(9)వి99 కాంప్-3. ఖాతాలో నిల్వకు కేటాయించిన గడి అది. ఎస్ అంటే ప్లస్సో మైనస్సో గుర్తు. 9(9) అంటే తొమ్మిది అంకెల రూపాయలు. వి దగ్గర కంటికి కనిపించని దశాంశ బిందువు. తర్వాత రెండు అంకెల పైసలు. కాంప్-3 అంటే ఒక్కో బైటులో రెండేసి అంకెలు సర్ది, చివరి అరబైటులో గుర్తు పెట్టే పద్ధతి. మొత్తం ఆరు బైట్లు. ఇందులో పదో భాగం పదో భాగంగానే ఉంటుంది. మామూలుగా ఇతర భాషల్లో వాడే ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యల్లో 0.1ని కచ్చితంగా రాయడం సాధ్యం కాదు, ఎందుకంటే అవి రెండు ఆధారంగా నడుస్తాయి. అక్కడ 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. జావాలో దీనికి బిగ్‌డెసిమల్ అనే ఏర్పాటు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ ప్రోగ్రామరు గుర్తుపెట్టుకుని వాడాలి. కోబాల్‌లో డబ్బు లెక్కకు దశాంశ పద్ధతే సహజం, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఐబీఎం 1964లో సిస్టమ్/360 తెచ్చినప్పటి నుంచి ఈ దశాంశ లెక్కలకు యంత్రంలోనే ప్రత్యేక ఆదేశాలున్నాయి.

డబ్బు లెక్క తెలిసినవాళ్లకు ఇది చాదస్తం అనిపించదు. కోటి ఖాతాల మీద ఒక్కో పైసా తేడా వస్తే లక్ష రూపాయలు. ఆ రాత్రి లెక్క తేలదు. ఆడిటర్ ఊరుకోడు.

ఇక బోనెక్కించిన కేసులు చూద్దాం. 2020 ఏప్రిల్ మొదట్లో, కరోనాతో అమెరికాలో ఒక్క వారంలోనే 60 లక్షలకు పైగా జనం నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్న రోజుల్లో, న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల ముందుకొచ్చి కోబాల్ తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు కావాలని అడిగాడు. ఎడిసన్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్న రాష్ట్రం అది. మెయిన్‌ఫ్రేమ్ మీద జీవితం స్థిరపరుచుకున్నవాళ్లకు అక్కడ కొదవ లేదు. ప్రపంచమంతా వార్త ఇలా పాకింది: అరవై ఏళ్ల భాష కూలిపోయి, పేదల పొట్ట కొట్టింది. అదే ఏడాది చరిత్ర పరిశోధకులు మార్ హిక్స్ ఈ సంగతిని తవ్వి రాశారు. జనం పోటెత్తినప్పుడు తట్టుకోలేక పడిపోయింది వెనకున్న కోబాల్ కాదనీ, ముందున్న వెబ్ దరఖాస్తు భాగమనీ, అది కోబాల్ కంటే ఎంతో కొత్తదైన జావాలో రాసిందనీ అందులో ఉంది.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఫ్లోరిడా. ఆ రాష్ట్రం పాత వ్యవస్థను వదిలించుకుని, 7 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, 2013 అక్టోబరులో కనెక్ట్ అనే సరికొత్త వ్యవస్థ తెచ్చుకుంది. 2020 ఏప్రిల్‌లో అదీ కుప్పకూలింది. హయాలియా పట్టణంలో కాగితం దరఖాస్తుల కోసం జనం బారులు తీరారు, అదీ కరోనా భయంలో, ఒకరినొకరు ఆనుకుని. ఏడేళ్లు కూడా నిండని ప్లాట్‌ఫారం కూలింది. దాని భాషను ఎవరూ తప్పుపట్టలేదు. సామర్థ్యం చాలలేదన్నారు, నిర్వహణ లోపమన్నారు. ఆ మాట సరైనదే. అదే కొలబద్ద న్యూజెర్సీకి ఎందుకు పనికిరాలేదు?

2025 ఫిబ్రవరిలో ఇలాంటిదే ఇంకో కథ నడిచింది. అమెరికా సోషల్ సెక్యూరిటీ జాబితాల్లో 150 ఏళ్ల వయసున్నవాళ్లు ఉన్నారని ఎలాన్ మస్క్ ప్రకటించాడు. కోబాల్‌లో తేదీ తెలియకపోతే 1875గా నమోదవుతుంది, అందుకే ఇలా, అని సోషల్ మీడియాలో ఒక వివరణ పుట్టి లక్షలమందికి చేరింది. కోబాల్‌లో తేదీ అనే ప్రత్యేక రకమే లేదు. తేదీలను మామూలు అంకెలుగా దాచుకుంటారు, ఏ అంకె పెట్టాలో ప్రోగ్రామరు ఇష్టం. భాష తనంతట తాను 1875 పెట్టడమనేది జరగదు. అసలు విషయం ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023లోనే నివేదికలో రాశారు. 1920లోనో అంతకుముందో పుట్టి, మరణం నమోదు కాని నంబర్లు 1 కోటి 89 లక్షలున్నాయి. వాటిలో దాదాపు ఎవరికీ డబ్బు వెళ్లడం లేదు. చావు సమాచారం శాఖకు చేరకపోవడం కాగితాల లోపం. ఏ భాషలో రాసినా ఆ లోపం అలాగే ఉండేది. అయినా నెల తిరిగేసరికి, ఆరు కోట్లకు పైగా లైన్లున్న ఆ వ్యవస్థను నెలల్లో కోబాల్ నుంచి తప్పించే ఆలోచన జరుగుతోందని వార్తలొచ్చాయి.

అలా తొందరపడితే ఏమవుతుందో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు ఖాతాదారులను అడగాలి. లాయిడ్స్ నుంచి విడిపోయిన ఆ బ్యాంకును 2015లో స్పెయిన్‌కి చెందిన సబడెల్ కొనుక్కుంది. అప్పటికీ టీఎస్‌బీ నడుస్తున్నది పాత యజమాని లాయిడ్స్ కంప్యూటర్ల మీదే, అందుకు ఏటా భారీగా అద్దె కడుతూ. కాబట్టి మారాలనుకోవడానికి దానికి తగిన కారణమే ఉంది. మారిన తీరులో ఉంది ఘోరం. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో, 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను దాదాపు ఒకే విడతలో కొత్త ప్లాట్‌ఫారం మీదికి ఎత్తారు. డేటా చేరింది, వ్యవస్థ నిలబడలేదు. కొందరికి ఎదుటివాళ్ల ఖాతాలు కనిపించాయి. 19 లక్షల మంది దాకా తమ ఖాతాలోకే వెళ్లలేకపోయారు. ఇంటి వాయిదాలు ఆగాయి, చిన్న వ్యాపారులు కూలివాళ్లకు డబ్బివ్వలేకపోయారు, ఆ గందరగోళంలో మోసగాళ్లు చేతివాటం చూపించారు. మామూలు స్థితికి రావడానికి డిసెంబరు దాకా పట్టింది.

ఆ తర్వాత స్లాటర్ అండ్ మే అనే న్యాయ సంస్థ చేసిన విచారణలో బయటపడిన సంగతి చదివితే ఏ టెస్టింగ్ ఇంజనీరుకైనా కడుపు మండుతుంది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల మీద నడవాలి. బరువు తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షలు ఒక్కదాని మీదే చేశారు. బ్యాంకుకు మొత్తం నష్టం 33 కోట్ల పౌండ్లు. ముఖ్య కార్యనిర్వహణాధికారి పాల్ పెస్టర్ ఆ సెప్టెంబరులో పదవి వదిలాడు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేశాయి. మరుసటి ఏడాది, అప్పటి ఐటీ అధిపతి కార్లోస్ అబార్కాకు వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. పాతదాని మీద నడిచినన్నాళ్లూ ఆ ఖాతాదారులకు ఈ గతి పట్టలేదు.

కెనడాలో ఇదే కథ జీతాల రూపంలో జరిగింది. నలభై ఏళ్ల పాత జీతాల వ్యవస్థ తీసేసి 2016లో ఫీనిక్స్ అనేది తెచ్చారు. దానికి ముందే, ఆ లెక్కలు చూసే అనుభవజ్ఞులను పెద్ద సంఖ్యలో తొలగించారు. ప్రభుత్వ ఉద్యోగుల్లో కొందరికి ఎక్కువ జీతం, కొందరికి తక్కువ, కొందరికి నెలల తరబడి అసలే లేదు. ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయని మొదలుపెట్టిన పని మీద చివరికి వందల కోట్లు పోశారు.

ఎందుకిలా జరుగుతుంది? పాత ప్రోగ్రాములో ఉన్నది భాష ఒక్కటే అనుకోవడం వల్ల. నలభై ఏళ్లుగా మారిన వడ్డీ నిబంధనలు, కోర్టు తీర్పులు, యూనియన్లతో చేసుకున్న ఒప్పందాలు, ఎప్పుడో మూసేసిన పథకంలో మిగిలిపోయిన నాలుగు వేల మంది పింఛనుదారుల లెక్క, ఇవన్నీ అందులో ఇఫ్‌లుగా, పెర్ఫామ్‌లుగా పేరుకుని ఉంటాయి. చాలాచోట్ల ఆ నిబంధన ఇంకెక్కడా రాసి ఉండదు, ఆ కోడే దానికి ఏకైక దస్తావేజు.

కృత్రిమ మేధ వాదన కూడా ఇక్కడే తడబడుతుంది. అర్థంకాని పాత కోడు చదివి వివరించడంలో, ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తాకుతుందో పటం గీయడంలో ఆ పనిముట్లు నిజంగా పనికొస్తాయి. ఐబీఎం సైతం కోబాల్‌ని జావాలోకి మార్చే సాధనాన్ని 2023లో ప్రకటించింది. వాటిని వద్దనే పని లేదు. అయితే లైన్లు తిప్పడం ఈ పనిలో చిన్న భాగం. కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే రెండు దశాంశ స్థానాలున్న గడిలో 12.678 కాస్తా 12.67 అవుతుంది, మిగిలింది తెగిపోతుంది. 12345ని మూడంకెల గడిలోకి పంపితే, చప్పుడు లేకుండా 345 మిగులుతుంది. ఇది పొరపాటున జరిగిందా, రాసినవాడు కావాలనే చేశాడా? కోడు చూస్తే తెలియదు, ఆ శాఖలో పనిచేసినవాళ్లను అడగాలి. ఇంకో ఉదాహరణ. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ అక్షర క్రమంలో అక్షరాల తర్వాత అంకెలొస్తాయి. బయటి ప్రపంచం వాడే ఆస్కీలో అంకెలు ముందు, అక్షరాలు తర్వాత. రాత్రి బ్యాచ్‌లో సార్ట్ అయిన రెండు ఫైళ్లను ఒకదానితో ఒకటి సరిపోల్చే ప్రోగ్రామును అలాగే కొత్త యంత్రం మీదికి తెచ్చి, ఒక ఫైలు మాత్రం ఇంకా మెయిన్‌ఫ్రేమ్ వరసలోనే వస్తుంటే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఖాతా నంబర్ల దగ్గర వరస తిరగబడుతుంది. కోడు తప్పులేకుండా తర్జుమా అయి ఉంటుంది, జాబ్ కూడా జీరో రిటర్న్ కోడుతో ముగుస్తుంది. వివరాలు మాత్రం జతపడవు.

కొత్త ప్రోగ్రాము పాతదానితో పైసా తేడా లేకుండా నడుస్తోందని నిరూపించడమే అసలు పని. దానికి ఏళ్లు పడుతుంది. ఆస్ట్రేలియా కామన్వెల్త్ బ్యాంకు తన కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను విజయవంతంగానే మార్చుకుంది. 2012 నాటికి ముగిసిన ఆ పనికి ఐదేళ్లు పట్టింది, వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా అయింది. మారాలనుకునే బ్యాంకులు ముందు ఈ బిల్లు చూసుకోవాలి.

కోబాల్ మీద న్యాయమైన ఫిర్యాదులూ ఉన్నాయి. మెయిన్‌ఫ్రేమ్ అద్దెలు, లైసెన్సులు భారం. యంత్రం దాదాపు ఒకే కంపెనీ చేతిలో ఉంది. కానీ అది యంత్రం మీది ఫిర్యాదు. భాష లైనక్స్ మీద కూడా నడుస్తుంది, గ్నూకోబాల్ ఉచితంగానే దొరుకుతుంది. కొత్తగా మొబైల్ యాప్ రాయడానికో, స్టార్టప్ పెట్టడానికో కోబాల్ ఎంచుకోమని బుద్ధున్నవాళ్లెవరూ చెప్పరు. ఇప్పటికే నడుస్తూ, రోజూ సరైన లెక్క చెబుతున్నదాన్ని వయసు సాకుతో కూలదోయడం మీదే ఇక్కడి అభ్యంతరం.

అందరూ ఒప్పేసుకునే ఫిర్యాదు ఇంకొకటుంది: కోబాల్ తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు, కొత్తవాళ్లు దొరకరు అని. తెలుగువాళ్లు ఈ మాటను నమ్మాల్సిన పని లేదు. 1990ల చివర్లో అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అని బోర్డు కట్టని మేడ ఉండేది కాదు. బీకాం చదివినవాళ్లు, సివిల్ ఇంజనీర్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు కిక్కిరిసిన గదుల్లో కూర్చుని, నెలల్లో ఆ భాష పట్టేశారు. వై2కే పనికి, అంటే 2000 సంవత్సరం వచ్చేలోగా ప్రోగ్రాముల్లో తేదీల చిక్కు సరిచేయడానికి, అమెరికా వెళ్లారు. 1998లో అమెరికా కాంగ్రెస్ హెచ్1బీ వీసాల పరిమితిని 65 వేల నుంచి 1,15,000కి పెంచింది కూడా ఆ రోజుల్లోనే. ఎవరో ఎడ్లబండి రోజుల విద్య అని ఈసడించుకున్న భాషే ఎన్నో తెలుగు కుటుంబాలను ఒక తరంలో పైకి తెచ్చింది. 2000 జనవరి 1 సజావుగా గడిచిపోయింది, ఆ ఏడాదే డాట్‌కామ్ బుడగ పేలింది, ఆ బోర్డులు మారిపోయాయి. జీతమిస్తామంటే నేర్చుకోవడానికి వేలమంది ముందుకొచ్చారని ఆ మూడు నాలుగేళ్లు రుజువు చేశాయి. ఆ తర్వాత పాతికేళ్లపాటు బ్యాంకులూ ప్రభుత్వాలూ శిక్షణ మీద ఖర్చు మానేసి, ఇప్పుడు మనుషులు లేరంటున్నాయి.

భాష నెలల్లో వస్తుంది. రానిది ఆ పక్కనున్న జ్ఞానం: నెలాఖరు బ్యాచ్‌లో ఆ ఒక్క జాబ్ ఎందుకు ఆలస్యంగా మొదలవ్వాలి, ఫలానా కాపీబుక్‌లో ఫిల్లర్ అని ఉన్న పది బైట్లను ఏ ప్రోగ్రాము గుట్టుగా వాడుకుంటోంది, మార్చి 31 రాత్రి ఏది చేత్తో సరిదిద్దాలి. ఇవి తెలిసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు హైదరాబాద్‌లోనే, రాత్రి షిఫ్టుల్లో. తెరలు, రిపోర్టులు, మొబైల్‌కి సమాచారం అందించే పొర వంటివి ఒక్కొక్కటిగా కొత్త సాంకేతికతలోకి తెచ్చుకోవచ్చు, చాలా బ్యాంకులు తెచ్చుకున్నాయి కూడా. లెక్క కట్టే గర్భాన్ని మాత్రం కదిలించే ముందు, ప్రతి నిబంధననూ బయటికి తీసి, దానికో పరీక్ష రాసిపెట్టుకోవాలి. ఆ పరీక్షలు రాయగలిగేది ఈ సీనియర్లే. ఆధునికీకరణ పేరుతో వందల కోట్లు కేటాయించే సంస్థలు, అందులోంచి కొంత తీసి, రిటైరవ్వబోయే ప్రతి సీనియర్ పక్కన ఇద్దరు కొత్తవాళ్లను రెండేళ్లపాటు కూర్చోబెట్టాలి. ఆ ఖర్చు వచ్చే ఏడాది బడ్జెట్‌కి వాయిదా వేసేది కాదు.